నెల తప్పిన వేసవి

ఆ వేసవిలో మా ఇంట్లో ఇద్దరికి నెల తప్పింది. ఒకదానికి పళ్ళరసం తీసి ఇచ్చారు. ఇంకోదానికి గది తలుపుకి బయట గడియ బిగించారు. పళ్ళరసం తాగింది నేను. గడియ వెనక ఉన్నది మా చెల్లి. నాకు పెళ్ళయింది, దానికి కాలేదు, తేడా అంతే. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అందుకని ఇది చల్లగా చెప్పడం నావల్ల కాదు.

మేమిద్దరం ఒకే బట్టల ఫ్యాక్టరీలో, ఒకే లైన్లో పనిచేసేవాళ్ళం. చొక్కాలు కుట్టే లైన్. నేను కాలర్లు బిగించేదాన్ని, అది కాజాలు తీసేది. నేను కుట్టిన చొక్కా నలుగురి చేతులు మారి దాని మిషను దగ్గరికి చేరేది. ఏ రోజైనా నేను చిరాగ్గా ఉంటే కాలర్ చూసి కనిపెట్టేసేది. "ఇవాళ బావతో గొడవపడ్డావా అక్కా, కాలర్లన్నీ మూతి ముడుచుకుని వస్తున్నాయి" అని మధ్యాహ్నం అన్నం దగ్గర అడిగేది.

ఇంట్లో నలుగురం. అమ్మ, చెల్లి, నేను, మా ఆయన. నాన్న పోయాక అమ్మకి తోడుగా ఉన్నట్టుంటుందని పెళ్ళయినా మేం అక్కడే ఉండిపోయాం. మా ఆయనకి సందు చివర తాళాల కొట్టు. తాళంచెవులు చేస్తాడు, గడియలు బిగిస్తాడు, తాళంచెవి పోగొట్టుకున్నవాళ్ళ తలుపులు తీసిపెడతాడు. నెమ్మదస్తుడు. ఏం చెప్పినా 'సరే' అంటాడు. ఆ 'సరే' చూసే నేను చేసుకున్నాను. ఆ మాట ఎవరికైనా అనేస్తాడని అప్పుడు తట్టలేదు.

ఎండలు మొదలవుతూనే ఫ్యాక్టరీకి పెద్ద ఆర్డరు వచ్చింది. మా సూపర్‌వైజర్‌ని అందరం గడియారం అనేవాళ్ళం. ఎదుటి మనిషి ముఖం చూసి మాట్లాడటం ఎరగడు, చేతికున్న వాచీ చూసే మాట్లాడతాడు. మమ్మల్నందరినీ నిలబెట్టి, "ఆర్డరు అయ్యేదాకా సెలవుల మాట ఎత్తద్దు. నడుము నొప్పి, కడుపు నొప్పి, కళ్ళు తిరగడం, ఇవేవీ నాకు చెప్పద్దు. నర్సమ్మకి చెప్పుకోండి" అన్నాడు వాచీతో.

నర్సమ్మ ఫస్టెయిడ్ గదిలో ఉండేది. ఆ మర్నాటి నుంచి పొద్దున్నే గేటు దాటగానే బల్ల వేసుకుని కూర్చుని, ఆడవాళ్ళ చేతుల్లో తలా ఒక తెల్ల మాత్ర పెట్టేది. "బలానికి. నీరసం రాదు, నెల నొప్పులు రావు" అనేది. బల్ల పక్కనే కుళాయి. మాత్ర, గుక్కెడు నీళ్ళు, మిషను. పళ్ళు తోముకున్నంత మామూలైపోయింది.

నాకు నెల తప్పిందని కనిపెట్టింది నేను కాదు, అమ్మ. దండెం మీద బట్టలు ఆరేస్తూ, ఎదురింటివాళ్ళకి కూడా వినబడేట్టు, "పెద్దదానా, నీకు ఈసారి రాలేదు కదే" అంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ మాట కోసమే కాచుకుని ఉంది మరి. మా ఆయన అప్పటికప్పుడు మందుల కొట్టుకెళ్ళి ప్రెగ్నెన్సీ కిట్టు తెచ్చాడు. ఒక్క గీతే వచ్చింది. దాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి వెలుతురుకి అటూ ఇటూ తిప్పి చూశాను. రెండోది లేదు.

"ఆ కిట్టుకేం తెలుసు" అంది అమ్మ నవ్వుతూ, నా బుగ్గ నిమిరి. "తొందరపడ్డావు. కొన్నాళ్ళు ఆగి చూడు."

ఆగి చూశాను. మళ్ళీ ఒక్క గీతే. అప్పటికి మా ఆయన కొట్టుకొచ్చిన ప్రతివాడికీ తాళంచెవితో పాటు ఆ కబురు కూడా చేతిలో పెట్టి పంపేస్తున్నాడు. అమ్మ నన్ను బకెట్టు ఎత్తనివ్వదు, వంగనివ్వదు, కోప్పడనివ్వదు. ఆఖరికి నాకూ ఆశ పుట్టింది. రొమ్ములు బరువెక్కాయి, కడుపు ఉబ్బరంగా ఉంది. కిట్టు అబద్ధం చెబుతోంది, ఒళ్ళు నిజం చెబుతోంది అనుకున్నాను. సాయంత్రం బస్సులో ఎవరైనా తోసుకొస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేదాన్ని, లేని బిడ్డకి.

ఒక సెలవు రోజు అమ్మ బాత్రూంలో అలమర సర్దుతోంది. చెల్లి అద్దం ముందు జుట్టు దువ్వుకుంటోంది. అమ్మ ఒక ప్యాడ్ల ప్యాకెట్టు చేత్తో పట్టుకుని బయటికొచ్చింది.

"ఇది విప్పనే లేదేం?"

"అవసరం రాలేదు" అంది చెల్లి, దువ్వుకుంటూనే.

"అంటే?"

"ఈసారి ఆలస్యమైందమ్మా. పనెక్కువగా ఉంది కదా, ఒళ్ళు అలిసిపోయి ఉంటుంది."

"పనెక్కువైతే ఆగుతుందా? మీ అక్కదీ అదే పని. దానికెందుకు ఆగిందో మనకి తెలుసు."

చెల్లి దువ్వెన కింద పెట్టింది. అమ్మ ఏమంటోందో దానికి అప్పుడు అర్థమైంది. ముందు నవ్వింది. తరవాత అమ్మ ముఖం చూసి నవ్వు ఆపేసింది.

అమ్మ బాత్రూం తలుపు వేసుకోనివ్వలేదు. గుమ్మంలో నిలబడి మరీ చేయించింది. నా కోసం తెచ్చి దాచిన కిట్టే. ఒక్క గీతే వచ్చింది. చెల్లి దాన్ని అమ్మ కళ్ళ ముందు పెట్టి, "చూసుకో" అంది.

"ఆ కిట్టుకేం తెలుసు" అంది అమ్మ.

నాకు చెప్పిన మాటలే, అక్షరం మారలేదు. నాకు చెప్పినప్పుడు బుగ్గ నిమిరింది. దానికి చెప్పినప్పుడు పళ్ళు బిగించింది.

మధ్యాహ్నానికల్లా మామయ్య దిగాడు. అమ్మకి తమ్ముడు. నాన్న పోయిన దగ్గర్నుంచీ మా ఇంటి పెద్దరికం తనకి వచ్చిందనుకుంటాడు. ఇంట్లో బల్బు పోతే రాడు గానీ పంచాయితీ అంటే భోంచేయకుండా కూడా వస్తాడు. కుర్చీలో కూర్చుని చెల్లిని నిలబెట్టి అడిగాడు.

"ఎవడు?"

"ఎవడూ లేడు మామయ్యా."

"ఎవడూ లేకుండా ఎలా వస్తుందే?"

"ఏం వచ్చింది? రాలేదనే కదా మీ గోల" అంది చెల్లి.

చెంప మీద కొట్టాడు. నేను మధ్యలోకి వెళ్ళి ఆ చెయ్యి పట్టుకున్నాను. అమ్మ పట్టుకుంది నన్ను. "నువ్వు పక్కకి రా, దెబ్బ తగులుతుంది" అంది. కొట్టినవాణ్ణి ఏమీ అనలేదు.

దాని ఫోను లాక్కున్నారు. పనికి వెళ్ళద్దన్నారు. మామయ్య గొంతు తగ్గించి అమ్మతో, "నాకు తెలిసినావిడ ఒకత్తి ఉంది. మందు తాగిస్తుంది. గుట్టుగా అయిపోతుంది. రేపు సాయంత్రం తీసుకెళ్దాం" అన్నాడు. అమ్మ ముక్కు చీదుకుంటూ తలూపింది. లేని కడుపు తీయించడానికి ముహూర్తం కూడా కుదిరిపోయింది.

దీపాలు పెట్టే వేళకి మా ఆయన పనిముట్ల పెట్టె పట్టుకుని కొట్టు నుంచి వచ్చాడు. చెల్లి గది తలుపు ముందు కూర్చుని కొలత తీసుకుంటున్నాడు.

"ఏం చేస్తున్నావు?" అన్నాను.

"అత్తయ్య బయట గడియ పెట్టమంది."

"నేను వద్దంటున్నాను."

"రెండు రోజులేనట. ఎక్కడికైనా వెళ్ళిపోతుందని ఆవిడ భయం." మేకు నోట్లో పెట్టుకున్నవాడిలా మాటలు నములుతున్నాడు. "నువ్వు లోపలికెళ్ళి పడుకో. ఇలాంటప్పుడు కోపం తెచ్చుకోకూడదు."

"ఎలాంటప్పుడు?"

మరలు బిగించాడు. పని మటుకు శుభ్రంగా చేశాడు, తలుపు మీద ఒక్క గీత పడలేదు. లోపల్నుంచి చెల్లి, "బావా, గట్టిగా ఉందో లేదో ఒకసారి లాగి చూడు" అంది. ఆయన చెయ్యి ఆగింది. కానీ గడియ ఊడదీయలేదు.

మర్నాడు మా ఆయన కొట్టుకెళ్ళాక ఇంట్లో ఉన్న పాత స్క్రూడ్రైవరు తీసుకుని ఆ మరలన్నీ నేనే ఊడదీశాను. ఉత్త గడియ తీస్తే సరిపోయేది. కానీ అది తలుపుకి ఉండటమే నేను భరించలేకపోయాను. అమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఏం చేస్తున్నావే?"

"ఇద్దరం ఆసుపత్రికి వెళ్తున్నాం. నమ్మకం లేకపోతే నువ్వూ రా."

"నలుగురూ చూస్తారే."

"చూడనీ. అడ్డం నిలబడితే నిన్ను తోసుకుని వెళ్తాను."

"నువ్వు ఆయాసపడకు" అంది అమ్మ, పక్కకి జరుగుతూ. పుట్టని మనవడి పుణ్యమా అని ఆ గుమ్మం దాటగలిగాం.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మాటకారి కాదు. ఇద్దరికీ రక్తం తీయించింది, స్కానింగు చేయించింది. మళ్ళీ పిలిచి, "గర్భం లేదు. ఇద్దరిలో ఎవరికీ లేదు" అంది. అమ్మ ముఖంలో ఊరట, ఏడుపు రెండూ ఒకేసారి కనబడ్డాయి. ఏది ఎవరి కోసమో అడగక్కర్లేదు. నేను మటుకు స్కానింగు గదిలో ఉన్నప్పుడే తెలిసిపోయినట్టు ఊరుకున్నాను. అలవాటుగా పొట్ట మీదికి వెళ్ళిన చెయ్యి తీసేశాను, అంతే.

"చిన్నదానికి సరిగ్గా చూశారా అమ్మా?" అంది అమ్మ.

"పెద్దమ్మాయికి చూసిన మిషనేనమ్మా" అంది డాక్టరమ్మ తల ఎత్తకుండా. తరవాత మా వైపు తిరిగింది. "మాత్రలేమైనా వాడుతున్నారా?"

"లేదండీ" అన్నాను.

"ఇద్దరూ ఒకచోటే పనిచేస్తారా?"

"ఒకే లైన్లో."

చెల్లి నా చెయ్యి గిల్లింది. "పొద్దున్నే నర్సమ్మ ఇచ్చేది మాత్రే కదక్కా."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. ఏం మాత్ర అని అడిగింది. తెల్లది అన్నాం. పేరడిగింది. మేం ఎప్పుడూ అడగలేదు. రోజూ వేసుకుంటామా అంటే రోజూ అన్నాం. ఆవిడ మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. "ముందు మానేయండి. అదేంటో కనుక్కుని నాకు చెప్పండి. నేననుకున్నదే అయితే, మానేసిన కొన్నాళ్ళకి డేటు దానంతటదే వస్తుంది" అంది.

ఆసుపత్రి మెట్లు దిగుతూ అమ్మ, "డాక్టర్లు మటుకు పొరబడరా ఏంటి" అని గొణిగింది. దానికి నేనేమన్నానో ఇక్కడ చెప్పను. మామయ్యకి ఫోను చేసి ఆ సాయంత్రం రాకుండా ఆపింది మటుకు నేనే. నా గొంతు విని ఆయన రెండో మాట మాట్లాడలేదు.

మర్నాడు ఫ్యాక్టరీలో మాత్రల బల్ల దగ్గర ఆగకుండా నేరుగా ఫస్టెయిడ్ గదికి వెళ్ళాను. నర్సమ్మ బల్ల ఎత్తేసి గదిలోకి వచ్చేదాకా అక్కడే కాచుకున్నాను.

"ఆ మాత్రేంటి?" అన్నాను.

"చెప్పాగా, బలానికి."

"నర్సమ్మగారూ, నాకు కడుపని మా ఇంట్లో పండగ చేసుకుంటున్నారు. మా చెల్లికి కడుపని ఏదో తాగించబోయారు. ఇద్దరికీ లేదు. ఇప్పుడు చెప్పండి."

ఆవిడ లేచి తలుపు మూసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "నొప్పికి కాదు. అసలు నెలే రాకుండా ఆపడానికి. వేసుకున్నన్నాళ్ళూ కడుపు కూడా రాదు. ఆర్డరు అయ్యేదాకానే అన్నారు. ఆర్డరు మీద ఆర్డరు వచ్చింది" అంది.

"మాకెందుకు చెప్పలేదు?"

"చెబితే వేసుకుంటారా?"

అంత తేలిగ్గా అనేసింది. ఆవిడకి అందులో వింతేమీ కనబడలేదు. ఎవరు చెప్పారంటే గడియారం అంది, ఆయనకెవరు చెప్పారంటే పైనుంచి అంది. ఆ పైన అనే చోట నేను పనిచేసినన్నాళ్ళలో ఒక్క మనిషి ముఖం కూడా చూడలేదు. నేను మిషను దగ్గరికెళ్ళి కూర్చున్నాను గానీ ఆ పూట కుట్టిన కాలర్లు ఎలా ఉన్నాయో దేవుడికెరుక. పొద్దున్నే దాన్ని మింగి, సాయంత్రం ఇంటికొచ్చి కడుపు తడుముకున్నాను కదా, ఇన్నాళ్ళూ. నన్ను తల్లిని కాకుండా ఆపుతున్నది నా చేత్తోనే నా నోట్లో వేయించారు కదా.

ఆడవాళ్ళ బాత్రూం ముందు ఎప్పుడూ వరస ఉంటుంది. ఆ మధ్యాహ్నం ఆ వరసలో నిలబడి పొడుగక్కకి చెప్పాను. పొడుగక్క ఇస్త్రీ దగ్గర పనిచేస్తుంది, అందరికంటే పెద్దది, ఒంటరిగా ఉంటుంది. విని గోడకి ఆనుకుంది.

"నాకు ఆగిపోయే వయసు వచ్చేసిందనుకున్నానే. ముసలిదాన్నయ్యానని ఇంట్లో కూర్చుని ఏడ్చాను" అంది.

ముందు నిలబడ్డావిడ వెనక్కి తిరిగింది. వాళ్ళాయన ఊళ్ళో లేని రోజుల్లో తప్పిందట, వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడతో మాట్లాడటం మానేశాడట. ఇంకొకావిడ, ఎవరికీ చెప్పకుండా కిట్ల మీద కిట్లు కొనుక్కుని చూసుకుంటున్నానంది. ఎవరికి వాళ్ళం తలుపులు వేసుకుని ఆ ఒక్క గీత వంకే చూస్తూ కూర్చున్నాం. పక్క పక్కనే కుట్టుకుంటూ ఒకళ్ళకొకళ్ళం చెప్పుకోలేదు. అప్పుడే ఎవరో అన్నారు, పక్క లైన్లో బొత్తాలు కుట్టే పిల్ల సంగతి. పని మానేసిందనుకున్నాం మేమంతా. మానలేదు. వాళ్ళింట్లో ఏదో తాగించారు. రక్తం ఆగక ఆసుపత్రిలో పడి ఉంది. దానికీ పెళ్ళి కాలేదు.

ఆ తరవాత వరస ముందుకి కదల్లేదు.

మర్నాడు పొద్దున్న నర్సమ్మ బల్ల ముందు నుంచి అందరం నడుచుకుంటూ వెళ్ళిపోయాం. చెయ్యి చాపినవాళ్ళు లేరు. మా వెంట చెల్లి కూడా వచ్చింది, అమ్మ వద్దన్నా. మిషన్ల దగ్గర కూర్చున్నాం గానీ స్విచ్చి వేయలేదు. అంత పెద్ద హాలు అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ వినలేదు. గడియారం పరుగున వచ్చాడు.

"టైమెంతయిందో తెలుసా మీకు?" అన్నాడు వాచీ తట్టి చూపిస్తూ.

"మాకు టైము తెలియకుండా చేసింది మీరే కదా" అంది పొడుగక్క.

ఎక్కడో ఒకావిడ నవ్వింది. తరవాత చాలామంది నవ్వారు. నవ్వులో ఏడుపు కూడా కలిసి ఉంది. గడియారం మొదటిసారి వాచీ వదిలి మా ముఖాలు చూశాడు, చూసి వెనక్కి వెళ్ళిపోయాడు.

మేనేజరు వచ్చి ముందు విటమిన్లు అన్నాడు. డాక్టరమ్మ పేరు చెప్పి, ఆవిడని ఇక్కడికి పిలిపిస్తామంటే అప్పుడు పొరపాటు అన్నాడు. బల్ల ఎత్తేశారు. ఫస్టెయిడ్ గదిలో రెండు మంచాలు వేయించారు, నొప్పి వచ్చినవాళ్ళు వెళ్ళి పడుకోవచ్చన్నారు. నర్సమ్మని తీసేశారు. గడియారాన్ని ఇంకో ఫ్యాక్టరీకి పంపారు, పెద్ద ఉద్యోగానికే అని తరవాత తెలిసింది. గెలిచాం అన్నారు కొందరు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన బొత్తాల పిల్లని చూసొచ్చినదాన్ని, నా నోటికి ఆ మాట రాలేదు.

వానలు మొదలయ్యాక చెల్లికి డేటు వచ్చింది. వచ్చిందని అది చెప్పలేదు, అమ్మే కనిపెట్టింది, అలమర మీద కన్నేసి కూర్చుంది గనక. కళ్ళ నీళ్ళు పెట్టుకుని మామయ్యకి ఫోను చేసి, "మన పిల్ల బంగారమేరా" అంది. ఫోను పెట్టేసి దాన్ని కావలించుకోబోయింది. చెల్లి అప్పటికే బట్టలు సర్దుకుంటోంది. పొడుగక్క ఇంట్లో ఒక గది ఖాళీగా ఉందట, అక్కడికి వెళ్తోందట. అమ్మ గుమ్మానికి అడ్డం పడింది. నేను వెళ్ళి అమ్మ చెయ్యి పట్టుకుని మెల్లగా పక్కకి లాగాను.

దాని బట్టల పెట్టె తను మోసుకొస్తానన్నాడు మా ఆయన. "నాది తప్పే" అన్నాడు దానితో, వీధిలో తడుస్తూ నిలబడి.

"నువ్వు చెప్పిన పని చేశావు బావా. బాగా చేశావు" అంది చెల్లి. పెట్టె తనే ఎత్తుకుంది.

ఇంకొన్ని రోజులకి నాకూ వచ్చింది. డాక్టరమ్మ లేదందని చెప్పినా అప్పటిదాకా ఆశ వదులుకోని మా ఆయన గోడ వైపు తిరిగి ఏడ్చాడు. ఓదార్చడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. "నువ్వు కబురు చెప్పినవాళ్ళందరి దగ్గరికీ వెళ్ళి లేదని చెప్పి రా. నన్ను అడిగించకు" అన్నాను. సరే అన్నాడు. ఆ వానాకాలమంతా మా మధ్య ఉప్పు, నూనె మాటలే.

అమ్మ చాలాకాలం బింకంగా ఉంది. 'కన్నతల్లిని, ఆ మాత్రం అడగకూడదా' అని ఇల్లంతా వినబడేట్టు అనుకునేది. చివరికి ఒక సెలవు రోజు, నువ్వూ రా అని నన్ను వెంటబెట్టుకుని పొడుగక్క ఇంటికి బయల్దేరింది. చెల్లి తలుపు తీసి, లోపలికి రమ్మంది. చుట్టాలకి వేసినట్టు కుర్చీ వేసింది. టీ పెట్టి, కప్పులు సాసర్లలో పెట్టి మరీ ఇచ్చింది. మా ఇంట్లో దానికి సాసరు వాడే అలవాటు లేదు.

అమ్మ టీ ముట్టుకోలేదు. చాలాసేపు కొంగు మడతలు సరిచేసుకుని, "నేను నిన్ను నమ్ముతున్నానే" అంది.

"ఎప్పటి నుంచి?" అంది చెల్లి.

అమ్మ చెయ్యి మళ్ళీ కొంగు మడతల మీదికి పోయింది.

"నేను లేదన్నాను, నమ్మలేదు. కిట్టు లేదంది, నమ్మలేదు. డాక్టరమ్మ మిషను పెట్టి చూసి లేదన్నా నమ్మలేదు. నా రక్తం కళ్ళబడ్డాక వచ్చావు. అది నమ్మడం కాదమ్మా, చూడటం." దాని గొంతు పెరగలేదు. "టీ చల్లారిపోతుంది, తాగు."

అమ్మ నా వైపు చూసింది, ఒక మాట వేసి సర్దిచెప్పమన్నట్టు. చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో సర్దిచెప్పే పని నాదే.

నేను కప్పు తీసుకుని టీ తాగుతూ కూర్చున్నాను.